వేడి చేసిందా, సుఖవ్యాధా? మద్దిలపాలెం హాస్టల్ చెల్లికి నా జవాబు

అడిగిన ప్రశ్న: "నాకు 24 ఏళ్ళు. మద్దిలపాలెంలో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. మూడు వారాలుగా తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది. పసుపుపచ్చగా, వాసనగా ఉంటోంది. మూత్రానికి వెళ్తే మంట. రూమ్మేట్లు వేడి చేసిందంటున్నారు. రెండు నెలల కిందట మా ఫ్రెండ్‌తో ఒకసారి కండోమ్ లేకుండా కలిశాను. ఇది సుఖవ్యాధేనా? డాక్టర్ దగ్గరికి వెళ్తే పెళ్ళయిందా అని అడుగుతారని భయం. రూమ్మేట్లకి అంటుకుంటుందా, వాళ్ళకి చెప్పాలా?"

చెల్లీ, నీకంటే పదిహేనేళ్ళు పెద్దదాన్ని, అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. ముందు సూటిగా చెప్పేస్తాను. రంగు మారింది, వాసన వస్తోంది, మంట ఉంది, కండోమ్ లేకుండా కలిశావు. ఇన్ని ఒకచోట చేరాక పరీక్ష చేయించుకోవాల్సిందే, ఈ వారంలోనే. సుఖవ్యాధే అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, కాదని మీ రూమ్మేట్లూ చెప్పలేరు. నేను డాక్టర్‌ని కాను, గోపాలపట్నంలో స్కూల్ టీచర్‌ని. కానీ నువ్వు ఇప్పుడున్న ఈ స్థితిలోనే 2019లో నేను ఆరు నెలలు ఉన్నాను. ఆ ఆరు నెలల్లో నాలుగు నెలలు ఉత్తిపుణ్యానికి పోయాయి. అందుకే రాస్తున్నాను.

ఆ ఏడు ఏప్రిల్లో మొదలైంది. వైజాగ్ వేసవి సంగతి నీకు చెప్పేదేముంది, ఎండకంటే ఉక్కపోత ఎక్కువ. పొద్దున్న వేసుకున్న లెగ్గింగ్ మధ్యాహ్నానికి ఒంటికి అతుక్కుపోయేది. గజ్జల్లో దురదంటే అందరికీ ఉండేదే అనుకున్నాను. తర్వాత తెల్లబట్ట రంగు మారింది. మా తోటికోడలికి చెబితే, "వేడి సేసుంటాది. బార్లీ నీళ్ళు తాగు, సబ్జా గింజలు నానబెట్టుకో, తగ్గిపోద్ది" అంది. వేపాకులు మరగబెట్టి ఆ నీళ్ళతో కడుక్కోమంది. రెండు వారాలు శ్రద్ధగా చేశాను. బార్లీ నీళ్ళ వల్ల మూత్రం బాగా వచ్చి మంట కొంచెం పల్చబడింది, అంతే. వేపనీళ్ళ వల్ల మటుకు నష్టమే జరిగింది. ఆ సంగతి తర్వాత తెలిసింది. యోని లోపల మనకి మేలుచేసే బ్యాక్టీరియా ఉంటుందట, అది పుల్లటి ఆమ్లం తయారుచేసి చెడ్డవాటిని రానివ్వదు. డెటాల్ అనీ, వేపనీళ్ళనీ, టీవీలో చూపించే వాష్‌లనీ లోపలిదాకా పోస్తే ఆ కాపలా పోతుంది. బయట మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు.

తర్వాత మెడికల్ షాపు. కౌంటర్ దగ్గర మగపిల్లాడు ఉన్నాడు. ఏం చెప్పాలో తెలీక "ఆడవాళ్ళ దురద" అన్నాను. వాడు మారుమాట లేకుండా ఒక ఫంగస్ మాత్ర, ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. నాలుగు రోజులు దురద తగ్గింది, హమ్మయ్య అనుకున్నాను. ఆ ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉందని తర్వాత డాక్టర్ చూసి చెప్పారు. స్టెరాయిడ్ ఎర్రదనాన్నీ దురదనీ అణిచేస్తుంది, లోపలున్న జబ్బుని అలాగే ఉంచుతుంది. గజ్జల్లో తామర ఉన్నవాళ్ళు ఇదే రాసుకుంటే అది ఇంకా పాకుతుందట. మన ఊళ్ళో ఈ ట్యూబు లేని ఇల్లుందా అని నాకు అనుమానం.

మూడోది ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్, పేరొద్దు. మంట అనగానే యూరిన్ ఇన్ఫెక్షన్ అని ఐదు రోజుల యాంటిబయాటిక్ రాసిచ్చారు. పరీక్ష చేయలేదు, "ఇంకేమైనా ఇబ్బందా" అని అడగలేదు. నేనూ నోరు విప్పలేదు, తప్పు సగం నాదే. మంటలో తేడా ఉంటుందని అప్పుడు నాకు తెలిస్తే బాగుండేది. యూరిన్ ఇన్ఫెక్షన్ అయితే మంట లోపల, మూత్రం వచ్చే దారిలో ఉంటుంది, మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలే వస్తాయి. నాకు అలా కాదు. మూత్రం బయటికొచ్చి చర్మానికి తగిలినప్పుడు భగ్గుమనేది. అలా మండితే చర్మం ఒరిసిందనో, పుండు ఉందనో, యోనిలో వాపు ఉందనో అర్థం. ఇదేమీ తిరుగులేని లెక్క కాదు, గనేరియా, క్లమిడియా అనే సుఖవ్యాధులు లోపలి మంట కూడా పుట్టిస్తాయి. కానీ డాక్టర్‌కి "మంట" అని ఒక్కమాటతో సరిపెట్టకుండా ఎక్కడ, ఎప్పుడు అని చెబితే వాళ్ళు సరైనవైపు చూస్తారు.

జూలైలో మా ఆయన సెలవు మీద వచ్చారు. అప్పట్లో ఆయనకి పారాదీప్‌లో కాంట్రాక్టు పని, నెలకి ఇరవై రోజులు అక్కడే. కలిసిన మర్నాడు దుప్పటి మీద రక్తపు మరక. నెలసరికి ఇంకా పన్నెండు రోజులుంది. వారం తర్వాత మళ్ళీ అలాగే అయింది. అప్పుడు భయం వేసింది. స్టాఫ్‌రూమ్‌లో ఎవరికీ చెప్పలేదు గానీ, మా స్కూలు ఆయమ్మ నా మొహం చూసి కనిపెట్టేసింది. "ఏటమ్మా, అలాగైపోనావు" అని అడిగి అంతా విన్నాక, "కేజీహెచ్‌లో దీనికేసి వేరే ఓపీ ఉంటాది. నేనెళ్ళొచ్చాను. సిగ్గుపడితే అవదమ్మా" అంది. ఎం.ఎస్సీ. చదివిన నాకు దారి చూపింది ఆవిడే.

అక్కడ నాకు జరిగింది వివరంగా రాస్తాను, ఎందుకంటే నీ భయమంతా దీని గురించే. కేజీహెచ్‌లో, అంటే మన కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రిలో, చర్మవ్యాధులకీ సుఖవ్యాధులకీ కలిపి ఒక విభాగం ఉంది. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో సుఖవ్యాధుల కోసం నడిచే క్లినిక్‌ని 'సురక్ష క్లినిక్' అంటారు. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకోవాలి, లైను ఉంటుంది, ఓపిక పట్టాలి. ముందు ఒక కౌన్సెలర్ మాట్లాడారు, ఆవిడా ఆడమనిషే. తర్వాత లేడీ డాక్టర్ పడుకోబెట్టి, స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి లోపల చూశారు. నొప్పి అనలేను గానీ ఇబ్బందే. ఊపిరి బిగబట్టకుండా వదులుతుంటే త్వరగా అయిపోతుంది. దూదిపుల్లతో కొంచెం స్రావం తీసి అప్పటికప్పుడే గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూశారు. పక్కనున్న హౌస్‌సర్జన్ అమ్మాయి ఉత్సాహంగా "మేడమ్, చూస్తారా? కదులుతున్నాయి!" అంది. చూశాను. తోకలున్న చిన్న చిన్న జీవులు కొట్టుకుంటూ తిరుగుతున్నాయి. ట్రైకోమోనాస్ అని, కలయిక వల్ల అంటుకునే పరాన్నజీవి అని చెప్పారు. నేను బార్లీ నీళ్ళు పట్టింది వీటికన్నమాట! ఫంగస్ మాత్ర వీటి మీద పనిచేయదు. నా యూరిన్ యాంటిబయాటిక్కూ పనిచేయలేదు.

గర్భాశయ ముఖద్వారం కూడా ఎర్రబడి, తగిలితే చాలు రక్తం వస్తోందని రెండు ప్యాకెట్లిచ్చారు. ఒకటి ఆకుపచ్చది, ఇంకోటి బూడిదరంగుది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒక్కో రకం లక్షణాలకి ఒక్కో రంగు కిట్టు ఉంటుంది. పుండ్లకి తెల్లది, హెర్పిస్‌కి ఎర్రది, పొత్తికడుపు నొప్పికి పసుపుది. (ఇది చదివి మెడికల్ షాపుకెళ్ళి "ఆకుపచ్చ ప్యాకెట్ ఇవ్వండి" అనకు. నీకు ఏది పడుతుందో చూసినవాళ్ళే చెప్పాలి.) మందు ఒకే పూట మింగించారు. సాయంత్రానికి నోరంతా ఇనుప ముక్క చప్పరించినట్టు అయింది, కడుపులో తిప్పింది. అంతకుమించి ఏం కాలేదు. దానితోపాటు సిఫిలిస్‌కి రక్తపరీక్ష, హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేయించుకోమన్నారు. ఒకటి ఉన్నచోట ఇంకోటి ఉండే అవకాశం ఉంటుందట. రెండూ లేవని వచ్చింది. ఐ.సి.టి.సి. అని ప్రభుత్వం నడిపే కౌన్సెలింగ్, పరీక్షల సెంటర్లో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం, ముందు నీ ఒప్పుకోలు అడుగుతారు. మామూలుగా నీ ఒప్పుకోలు లేకుండా ఫలితం ఇంకొకరికి చెప్పకూడదని 2017లో చేసిన చట్టమే ఉంది.

ఇక్కడితో అయిపోతే బాగుండును. డాక్టర్ మా ఆయనకి కూడా కిట్టు ఇచ్చి, ఇద్దరూ ఒకేసారి వేసుకోవాలి, వారం రోజులు కలవకూడదు అన్నారు. ఇంటికొచ్చి ఇస్తే ఆయన మొహం మాడ్చుకున్నారు. "నాకేం లేదు కదా, నేనెందుకు మింగాలి?" నిజమే, ఆయనకి ఏ లక్షణమూ లేదు. మగవాళ్ళలో ఈ ట్రైకోమోనాస్ చాలామందికి ఏ అలికిడీ లేకుండా ఉంటుంది. గట్టిగా అడిగితే వేసుకున్నానన్నారు. నేను నమ్మాను. అక్టోబరు మొదట్లో మళ్ళీ అదే వాసన. అప్పుడు స్కూటర్ డిక్కీలో ఇన్సూరెన్సు కాగితాల కోసం వెతుకుతుంటే విప్పని కిట్టు దొరికింది.

ఆ రాత్రి జరిగిన గొడవ రాయను. ఎవరి నుంచి వచ్చింది అన్న మాట ఇద్దరమూ అనేసుకున్నాం. మర్నాడు ఆయన్నీ తీసుకుని వెళ్ళాను. కౌన్సెలర్ ఆయన్ని విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. ఈ జబ్బు ఒంట్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి నిశ్శబ్దంగా ఉండగలదు, కాబట్టి ఇవాళ బయటపడిందని నిన్న అంటుకుందని చెప్పలేం, దీన్ని పట్టుకుని ఎవరినీ బోనెక్కించలేం అని చెప్పారట. ఇద్దరం ఆవిడ ఎదురుగానే మింగాం. తర్వాత మళ్ళీ రాలేదు. ఎవరి నుంచి వచ్చిందో ఇవాళ్టికీ నాకు తెలీదు. ఆ ప్రశ్న నాలో లేదని అబద్ధం చెప్పను, కానీ దానికి జవాబు దొరికేదాకా మందు ఆపితే నష్టపోయేది నేనే. నీ ఫ్రెండ్‌కి నువ్వు చెప్పక తప్పదు. అతనితో ఇక ఏమీ లేకపోయినా సరే చెప్పు, అతను వైద్యం చేయించుకోవాలి. నువ్వు మళ్ళీ అతన్ని కలిసే ఉద్దేశం ఉంటే ఇద్దరి వైద్యం అయ్యేదాకా ఆగు.

ఇక ఏది మామూలు, ఏది కాదు అన్నది. తెల్లబట్ట ప్రతి ఆడదానికీ అవుతుంది. నెల మధ్యలో గుడ్డులోని తెల్లసొనలా జిగటగా సాగుతుంది, నెలసరి ముందు చిక్కబడుతుంది. బట్ట మీద ఆరితే లేత పసుపు కనిపించడం కూడా మామూలే, ఆ మరక చూసి కంగారుపడి పరుగెత్తేవాళ్ళూ ఉన్నారు. దురద, దుర్వాసన, మంట లేకపోతే దాని మానాన దాన్ని వదిలేయాలి. విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా వచ్చి భరించలేని దురద ఉంటే ఎక్కువగా ఫంగస్. షుగర్ ఉన్నవాళ్ళకి, యాంటిబయాటిక్ వాడినవాళ్ళకి, కడుపుతో ఉన్నవాళ్ళకి వస్తుంటుంది. దీన్ని సుఖవ్యాధి కింద లెక్కపెట్టరు. బూడిదరంగులో పల్చగా, చేపల కంపు కొడుతూ, దురద పెద్దగా లేకుండా ఉంటే బ్యాక్టీరియా సమతూకం తప్పడం. దీన్ని కూడా నేరుగా సుఖవ్యాధి అనరు గానీ వైద్యం కావాలి. చేపల వాసన అంటే వైజాగ్‌లో నవ్వుతారు, ఫిషింగ్ హార్బర్ పక్కన పుట్టిపెరిగాం కదా, మాకు ఏ వాసనా ఆనదని మా తోటికోడలు జోకు. కానీ కలిసిన తర్వాత ఆ వాసన మరీ ఎక్కువైతే అది గుర్తే. పసుపో పచ్చో రంగులో, నురగనురగగా, కంపుతో, మంటతో వస్తే ట్రైకోమోనాస్ అని అనుమానిస్తారు. నాకు నురగ లేదు, అయినా అదే తేలింది. అందుకే రంగు చూసి పేరు పెట్టే పని మనది కాదు. ఒకేసారి రెండు మూడు కూడా ఉండొచ్చు.

నా అనుభవంలో తెల్లబట్ట కంటే మిగతావి ఎక్కువ పట్టించుకోవాలి. కలిసిన తర్వాత రక్తం, నెలసరికి నెలసరికి మధ్య మరకలు, కలిసేటప్పుడు లోపల పొత్తికడుపులో నొప్పి. ఇవి గర్భాశయ ముఖద్వారం దగ్గర జబ్బుకి గుర్తులు. గనేరియా, మన పెద్దవాళ్ళు సెగ అనేది, క్లమిడియా అనేదీ అక్కడే కూర్చుంటాయి. రక్తానికి కారణం వేరేది కూడా కావొచ్చు కాబట్టి ఎలాగూ లోపల చూపించుకోవాలి. చలిజ్వరంతో పొత్తికడుపు నొప్పి వస్తే, నెలసరి తప్పి ఒకపక్క నొప్పి వస్తే ఓపీ దాకా ఆగకు, ఆ రోజే క్యాజువాలిటీకి వెళ్ళు.

పుండు విషయంలో నొప్పి లేదు కదా అని ఊరుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. సిఫిలిస్ పుండు గట్టిగా, నొప్పి లేకుండా ఉంటుంది. అంటుకున్నాక పది రోజుల నుంచి మూడు నెలల లోపు ఎప్పుడైనా వస్తుంది, ఎక్కువగా మూడు వారాలకి. ఆడవాళ్ళకి లోపల వస్తే కనిపించదు కూడా. ఏ మందూ వేయకుండానే మానిపోతుంది, జబ్బు మాత్రం రక్తంలోకి దిగుతుంది. కొన్ని వారాలకి అరచేతుల్లో, అరికాళ్ళలో దురద లేని మచ్చలు వస్తే ఎండకి పేలిందని అనుకుంటారు. కడుపులో బిడ్డకి కూడా పోతుంది కాబట్టే గర్భిణులందరికీ ఆ రక్తపరీక్ష చేస్తారు. పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. చిన్న చిన్న నీటిబుడగలు గుంపుగా వచ్చి, పగిలి, నిప్పు తగిలినట్టు మండితే హెర్పిస్. అది పూర్తిగా పోదు గానీ మందులతో అదుపులో ఉంటుంది. కాలీఫ్లవర్‌లా పులిపిరులు లేస్తే హెచ్.పి.వి. అనే వైరస్. గజ్జల్లో బిళ్ళ కడితే కాలికి దెబ్బ తగిలిందేమో చూసుకో, లేకపోతే అదీ చూపించుకో.

అసలు చిక్కంతా ఏ గుర్తూ లేకపోవడంలో ఉంది. క్లమిడియా సోకిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఏమీ తెలియదు. నాతో పనిచేసిన ఒక టీచర్ పెళ్ళయిన ఆరేళ్ళకి పిల్లల కోసం పరీక్షలకి వెళ్తే గర్భాశయానికి అండం చేరే ట్యూబులు రెండూ మూసుకుపోయి ఉన్నాయి. ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ కావొచ్చన్నారు. ఆవిడకి ఒక్కరోజు దురద కూడా లేదు. అందుకే నీకు ఈ పచ్చదనం కనిపించడం ఒకరకంగా అదృష్టమే అంటాను.

పెళ్ళయిందా అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. మనవాళ్ళకి "కలిశావా" అని అడగడానికి మరో మాట రాక అలా అడుగుతారు. "పెళ్ళి కాలేదు, కానీ కలిశాను, రెండు నెలలైంది, కండోమ్ లేదు" అని ఒక్క గుక్కలో చెప్పేయ్. అది చెప్పకపోతే లోపల పరీక్ష చేయకుండా పైపైన ఏదో మందు రాసి పంపిస్తారు, నష్టం నీకే. ఎవరైనా నీతులు మొదలుపెడితే వినకుండా "మేడమ్, పరీక్ష ఏం చేస్తారు?" అని అడుగు. ప్రభుత్వాసుపత్రి వద్దనుకుంటే మంచి గైనిక్ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. గనేరియాకి, క్లమిడియాకి స్రావంతో గానీ మూత్రంతో గానీ చేసే పరీక్షలు పెద్ద ల్యాబుల్లో ఉన్నాయి. ఆడవాళ్ళకే ప్రత్యేకమైనది కావాలంటే వన్‌టౌన్‌లో ఘోషాసుపత్రి ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలనిపిస్తే 1097కి చేయి, అది ఎయిడ్స్ నియంత్రణ సంస్థవాళ్ళ ఉచిత నంబరు, పేరు చెప్పనక్కర్లేదు. వెళ్ళే ముందు రెండు రోజులు లోపల ఏ క్రీమూ పెట్టకు, కడగకు, లేకపోతే స్లైడ్ మీద ఏమీ దొరకదు. నెలసరి ఎప్పుడొచ్చిందో తేదీ రాసుకుని వెళ్ళు, ఆలస్యమైతే గర్భపరీక్ష కూడా చేయమను. వాడిన మందుల అట్టలు పట్టుకెళ్ళు. హెచ్.ఐ.వి. పరీక్ష ఇప్పుడు ఒకసారి, కలిసిన రోజు నుంచి మూడు నెలలు నిండాక ఇంకోసారి చేయించుకో. వీలైతే హెచ్.పి.వి. టీకా గురించి కూడా అడుగు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది. మన దేశంలో తయారైన సెర్వావాక్ 26 ఏళ్ళ వరకు వేస్తారు, నీకింకా టైముంది. నాకు దాటిపోయింది.

రూమ్మేట్ల సంగతి అడిగావు. బకెట్ వల్ల, బాత్రూమ్ వల్ల, పక్కన పడుకున్నందువల్ల ఇవి అంటుకోవు. వాళ్ళకి చెప్పాల్సిన పని లేదు. తువ్వాలు, లోదుస్తులు నీవి నువ్వే వాడుకో, ఎండలో ఆరేసుకో. హాస్టళ్ళలో సిగ్గుతో చున్నీ కింద దాచి ఆరేస్తారే, అవి తడితడిగానే ఉండిపోతాయి, ఫంగస్‌కి అదే చాలు.